బీడీసీ స్కోపులో కింది గీతలు తప్పితే
విజయనగరంలో ఎయిర్ రైఫిల్‌కి బీడీసీ స్కోపు (దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి దిగడాన్ని సరిచూసుకోడానికి నడిమి గురి కింద అదనపు గీతలుండే గురి దుర్భిణి) బిగించాక నడిమి గురి సరిగ్గానే పడింది, కింది గీతలే తప్పాయి. కారణం జూమ్. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోపుల్లో (జూమ్ మార్చినా గీతల సైజు మారనివి) ఆ గీతల లెక్క ఒక్క జూమ్ దగ్గరే కుదురుతుంది, చాలావాటికి అది గరిష్ఠ జూమ్. జూమ్‌ని నా స్కోపు గరిష్ఠమైన 9 మీద ఉంచేసి మళ్లీ మొదలుపెట్టాను.

ముందు స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటు స్క్రూలు చూడాలి. స్ప్రింగు గన్ కుదుపుకి అవి వదులైతే టరెట్‌ని (గురి సరిదిద్దే మర) ఎన్ని క్లిక్కులు తిప్పినా దండగే. పొద్దున్నే గాలి లేనప్పుడు, వెనక మట్టిగట్టు ఉన్నచోట, 25 మీటర్లలో ఐదేసి పెల్లెట్లు కాల్చి గుంపు నడిమిని కొలవాలి; ఒక్క దెబ్బ చూసి టరెట్ ముట్టుకోవద్దు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కు అక్కడ సుమారు 1.8 మిల్లీమీటర్లే జరుపుతుంది. 18 మిల్లీమీటర్లు కింద పడుతుంటే పది క్లిక్కులు పైకి.

గీతలకిచ్చిన దూరాలు తూటా రైఫిళ్లవి, పెల్లెట్‌కి పనికిరావు. 30, 35, 40 మీటర్లలో కాల్చి, ఏ దూరానికి ఏ గీతో చీటీ రాసి రైఫిల్ వెనక భాగమైన బట్‌కి అతికించాను. పెల్లెట్ రకం మారిస్తే ఆ చీటీ చెల్లదు.