హాలులో సబ్‌వూఫర్ ఎలా అమర్చుకోవాలి: ఒకటి చాలా, రెండు కావాలా?

మా ఇంటికి మొదటి సబ్‌వూఫర్, అంటే బేస్ (లోతైన, బరువైన స్వరాలు) మాత్రమే వినిపించే స్పీకర్ పెట్టె, వచ్చిన రోజు దాన్ని టీవీ పక్కన మూలకు నెట్టి, వైరు గుచ్చి, నాబ్ సగానికి తిప్పి కూర్చున్నాం. పాట మొదలవగానే షోకేసు అద్దాలు గలగలలాడాయి. సోఫాలో కూర్చున్న నాకు ఒకటే మోత. హాలు మధ్యలో నిలబడ్డ అమ్మ మాత్రం "ఇంత పెద్ద పెట్టె తెచ్చావు, ఇక్కడికేమీ వినబడట్లేదేంరా?" అంది. వెళ్లి పక్కన నిలబడి చూస్తే ఆవిడ మాట నిజమే. పెట్టె ఒకటే, పాట ఒకటే. ఏడెనిమిది అడుగుల తేడాలో ఒకచోట మోత, ఇంకోచోట ఏమీ లేదు. అలా ఎందుకవుతుందో తెలుసుకున్నాక అదే సబ్‌ను గోడ వెంట కొన్ని అడుగులు జరిపి, పైసా ఖర్చు లేకుండా బాగుచేసుకున్నాను. సబ్ విషయంలో ఎంత పెట్టి కొన్నామన్న దానికంటే ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. అందుకే కింద చెప్పిన వాటిలో సింహభాగం చోటు గురించే.

కొనే ముందు: యాంప్లిఫయర్ వెనక చూడండి

హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీనీ స్పీకర్లన్నిటినీ కలిపే యాంప్లిఫయర్) అయితే వెనక 'సబ్‌వూఫర్ అవుట్' అని రాసిన సాకెట్ ఉంటుంది. దానికి ఒక్క ఆర్‌సీఏ కేబుల్ చాలు. పాత స్టీరియో యాంప్లిఫయర్‌కు అలాంటి సాకెట్ లేకపోయినా దిగులు పడక్కర్లేదు. 'హై లెవెల్' ఇన్‌పుట్ ఉన్న సబ్ కొనుక్కోండి. స్పీకర్ వైర్లు బిగించిన చోటి నుంచే ఇంకో జత వైర్లు సబ్‌కు లాగితే సరిపోతుంది. సబ్‌లో దాని సొంత యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి మీ యాంప్లిఫయర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుందే తప్ప కరెంటు గుంజదు. వైర్లు కలిపేటప్పుడు రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసెయ్యండి. మీది క్లాస్ డి (ఎక్కువ వేడెక్కని తరహా) యాంప్లిఫయర్ అయితే నలుపు వైరు ఎలా కలపాలో ముందు మాన్యువల్‌లో చూడండి. కొన్నిటిలో తప్పుగా కలిపితే యాంప్లిఫయర్ కాలిపోతుంది.

సబ్ డబ్బాలోనే యాంప్లిఫయర్ ఉండే 5.1 సెట్లు (అయిదు స్పీకర్లు, ఒక సబ్) మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటికి బయటి సబ్ కలపడం మామూలుగా కుదరదు. సౌండ్‌బార్లలో కూడా చాలావాటికి అదే కంపెనీ సబ్ తప్ప వేరేది అతకదు.

ఇక సైజు. నూట యాభై చదరపు అడుగుల గదికి 10 అంగుళాల సబ్ నా లెక్కలో చాలు. భోజనాల గదితో కలిసిపోయిన పెద్ద హాలైతే 12 అంగుళాలది చూడండి. మూసిన పెట్టె చిన్నగా ఉంటుంది, స్వరం కిందకు వెళ్లేకొద్దీ మోత నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. గాలి రంధ్రం ఉన్న పెట్టె పెద్దది, సినిమాలకు ఎక్కువ జోరునిస్తుంది, కానీ ఒక స్థాయి కిందకు వెళ్తే చప్పున చేతులెత్తేస్తుంది. అమెరికా నుంచి చుట్టాలెవరైనా తెస్తానంటే వోల్టేజీ తప్పకుండా అడగండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక మార్చుకునే స్విచ్ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనాల్సి వస్తుంది.

గది ఏ స్వరాన్ని పట్టుకుంటుందో లెక్కేయండి

40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) శబ్దపు అల పొడవు సుమారు 28 అడుగులు. మన హాళ్లు దానిలో సగమే ఉంటాయి. అందుకే ఆ అల గోడకు తగిలి వెనక్కి వచ్చి తనతో తానే కలుస్తుంది. కలిసినచోట కొన్నిసార్లు రెట్టింపవుతుంది, కొన్నిసార్లు రద్దవుతుంది. మీ గదిలో ఇది ఏ స్వరం దగ్గర జరుగుతుందో తెలుసుకోవడం తేలిక: 565ని గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి. 15 అడుగుల పొడవైతే సుమారు 38 హెర్ట్జ్. 12 అడుగుల వెడల్పుకు 47. పదడుగుల శ్లాబు ఎత్తుకు 56 లేదా 57. పాట ఈ స్వరాల మీదికి వచ్చినప్పుడల్లా గది కూడా గొంతు కలుపుతుంది.

మన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలో చెక్క చట్రానికి పలచని జిప్సమ్ పలకలు కొట్టిన గోడలు బేస్‌లో కొంత తాగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఇటుక గోడ, సిమెంటు శ్లాబు, మార్బుల్ గచ్చు అలా కాదు, వచ్చింది వచ్చినట్టు తిరిగి కొడతాయి. కాబట్టి అక్కడివాళ్ల సలహాల్లో చోటు గురించి చెప్పే జాగ్రత్త మనకు రెట్టింపు వర్తిస్తుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు. పొడవు వైపు తయారయ్యే మొదటి అలకు గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. అందుకే సోఫా వెనక గోడకు ఆనించి ఉంటే మోత, గది నట్టనడుమ ఉంటే వెలితి. ఆ రోజు అమ్మ నిలబడింది సరిగ్గా అక్కడే. సోఫాను గోడ నుంచి ఒకటి రెండు అడుగులు ముందుకు లాగగలిగితే లాగండి. సబ్‌ను ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది.

పాకుతూ వెతకడం

సబ్‌ను మోసుకెళ్లి మీరు రోజూ కూర్చునే చోటనే పెట్టండి. సోఫా జరపలేకపోతే దాని మీదే పెట్టొచ్చు. బేస్ స్వరాలు పైకీ కిందకీ నడిచే పాట ఒకటి మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టండి. ఇప్పుడు సబ్ ఉంచడానికి వీలైన గోడల వెంట, చెవి సబ్ ఎత్తుకు వచ్చేలా మోకాళ్ల మీద పాకండి. ప్రతి రెండడుగులకూ ఆగి వినండి. ఒకచోట మోత, ఒకచోట పీలగా, ఇంకోచోట ప్రతి స్వరమూ ఒకే బలంతో, విడివిడిగా వినిపిస్తుంది. ఆ మూడోచోట నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సబ్ అక్కడికి, మీరు సోఫాలోకి. శబ్దం వచ్చే చోటూ వినే చోటూ తారుమారు చేసినా ఫలితం మారదని 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది.

నేను ఈ పరీక్షకు కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) పెడతాను. మృదంగం ఎడమ వైపు, రవ్వముద్ద అద్దిన తొప్పి మీద విద్వాంసుడు గుమ్కీ ఇచ్చినప్పుడు శబ్దం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. సబ్ తప్పుచోట ఉంటే ఆ జారుడు మధ్యలో ఒక్క దగ్గర ఉబ్బుతుంది, లేదా ఉన్నట్టుండి మాయమవుతుంది. సరైన చోట అది నూనె పోసినట్టు సాగుతుంది.

మూల గురించి ఒక మాట. మూలలో సబ్ అన్ని అలలనూ ఒకేసారి రేపుతుంది కాబట్టి జోరు ఎక్కువ, తీరు తక్కువ. చిన్న సబ్, పెద్ద గది అయితే తప్ప నేను మూల జోలికి వెళ్లను.

నాబ్‌లు, మెనూలు

రిసీవర్ ఉంటే అందులో స్పీకర్లన్నిటినీ 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్ (ఏ స్వరం నుంచి కిందివి సబ్‌కు పంపాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి. స్పీకర్లు నిజంగా పెద్దవైనా ఇదే మంచిది; బరువైన పని సబ్‌కు అప్పగిస్తే వాటికి ఊపిరి ఆడుతుంది. అరచేతిలో పట్టే స్పీకర్లయితే 100 నుంచి 120. అంతకు మించితే మగగొంతు కూడా సబ్ వైపు నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. రిసీవర్ వడపోత చేస్తోంది కనుక సబ్ మీది క్రాసోవర్ నాబ్‌ను చివరిదాకా తిప్పేయండి, లేదంటే 'ఎల్‌ఎఫ్‌ఈ' (సబ్ తన సొంత వడపోతను పక్కన పెట్టే స్థానం) దగ్గర పెట్టండి. స్టీరియో యాంప్లిఫయర్‌తో అయితే ఆ నాబే ఆధారం. 50 దగ్గర మొదలుపెట్టి, స్పీకర్ల గొంతూ సబ్ గొంతూ అతుక్కునే దాకా కొద్దికొద్దిగా పెంచండి.

సబ్ అల స్పీకర్ల అలతో కలిసి నడిచేలా చూసేది ఫేజ్ స్విచ్. దాన్ని సరిచేయడానికి ఇద్దరు కావాలి. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు స్విచ్‌ను 0కీ 180కీ మారుస్తారు. ఎక్కడ బిగ్గరగా వినిపిస్తే అదే సరైనది.

ఇక మోత ఎంత? రిసీవర్‌తో మైకు వస్తే దాని ఆటో సెటప్ నడపండి. సబ్ దూరాన్ని అది అసలుకంటే ఎక్కువగా చూపిస్తే మార్చకండి. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల అయ్యే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కగడుతుంది. మైకు లేకపోతే చెవితోనే. నాబ్‌ను సున్నా నుంచి పెంచుతూ, సబ్ ఉన్నట్టు తెలియగానే ఒక చిటికె తగ్గించండి. స్పీకర్లే ఎదిగాయేమో అనిపించాలి. సబ్‌ను ఆపేసినప్పుడే అది ఇంతసేపూ పనిచేసిందని తెలియాలి.

రెండోది ఎప్పుడు?

ఒక్కరే వింటారంటే ఒకటి చాలు. సోఫాలో ముగ్గురు, దివాన్ మీద ఇద్దరు కూర్చునే ఇంట్లో మాత్రం రెండోది నిజంగా అక్కరకొస్తుంది. ఎక్కువ మోత కోసం కాదు, అందరికీ ఒకేలా వినిపించడం కోసం. ఒక పెద్ద సబ్ డబ్బుతో రెండు చిన్నవి వస్తాయంటే నేను రెండు చిన్నవే తీసుకుంటాను. రద్దయ్యే చోట ఒకే సబ్‌ను ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. మీరు పెంచినదంతా కూడా అలాగే రద్దవుతుంది. ఇంకో చోటి నుంచి వచ్చే రెండో అల ఒక్కటే ఆ గుంటను పూడ్చగలదు.

హార్మన్ కంపెనీ పరిశోధకుడు టాడ్ వెల్టీ దీర్ఘచతురస్రపు గదుల్లో ఎన్నో అమరికలను పోల్చి చూసి 2002లో ఫలితాలు వెల్లడించారు. రెండు సబ్‌లకు ఎదురెదురు గోడల మధ్యబిందువులు చాలా బాగా పనిచేస్తాయని తేలింది. టీవీ కింద ఒకటి, సోఫా వెనక ఒకటి అన్నమాట. ఒకటి పొడవు వైపు అలను ఇటు నెడితే రెండోది అటు నెడుతుంది, అది అణుగుతుంది. వెడల్పు వైపు అలకు రెండూ సున్నా బిందువులోనే ఉంటాయి కాబట్టి దాన్ని అసలు రేపవు. ఒకవైపు గోడ లేకుండా తెరుచుకున్న హాలైతే ఈ లెక్క చెదురుతుంది, మళ్లీ పాకాల్సిందే.

రెండూ ఒకే మోడల్ కొనండి. రిసీవర్‌కు ఒకే అవుట్ ఉంటే ఒక సిగ్నల్‌ను రెండుగా చీల్చే వై కేబుల్ వాడొచ్చు. మొదట ఒక్కొక్కదాన్నే మోగించి రెండింటినీ సోఫా దగ్గర ఒకే మోతకు తెచ్చి, తర్వాత కలిపి నడపండి. మొత్తం 3 నుంచి 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ మేరకు రెండింటి నాబ్‌లూ తగ్గించి, ఆటో సెటప్ మళ్లీ చేయండి.

గుయ్‌మనే హమ్, కింది ఇంటివాళ్లు

సబ్ నుంచి ఆగకుండా హమ్ వస్తుంటే సబ్‌నూ రిసీవర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మార్చండి. తగ్గకపోతే సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు ఊడదీసి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. హమ్ పోవచ్చు కానీ, లోపల ఏదైనా చెడిన రోజు ఆ పెట్టెను తాకినవాళ్లకు షాక్ కొడుతుంది. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

షోకేసు అద్దాలకు చిన్న రబ్బరు బిళ్లలు అంటించాను, గలగల పోయింది. అపార్ట్‌మెంటు సంగతి వేరు. సబ్ కింద దట్టమైన రబ్బరు ప్యాడ్లు వేస్తే గచ్చులోకి దిగే అదురు తగ్గుతుంది, గాలిలో వెళ్లే బేస్ తగ్గదు. మన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. నివాస ప్రాంతాలకు అప్పటి పరిమితి 45 డెసిబెల్స్. మేం అన్నీ అమర్చుకున్నాక, పాట మోగుతుండగానే కిందకు వెళ్లి తలుపు తట్టి, వాళ్ల హాల్లో అయిదు నిమిషాలు కూర్చుని విన్నాను. పైకొచ్చి నాబ్‌ను ఎక్కడ ఆపాలో గుర్తుగా పెన్నుతో గీత గీశాను. రాత్రి 10 దాటాక ఆ గీత దాటను.