ముసురులో సైకిలు, కొంకర్లు పోయిన వేళ్లు

రోజూ తెల్లారగట్ల నాగావళి వంతెన దాటి శ్రీకాకుళం మార్కెట్టుకి సైకిలు మీద వెళ్తాను. అక్టోబరు, నవంబరుల్లో తుపాను ముసురు పట్టిందంటే రెయిన్‌కోటులో ఒళ్లు పొడిగానే ఉంటుంది, చేతులే చచ్చుబడిపోతాయి. ఓ రోజు వంతెన మీద ఎదురుగాలికి వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టు చిక్కలేదు. చాలా భయమేసింది.

ముందు నూలు గ్లవుజులు వేశాను. నీళ్లు పీల్చుకుని ఇంకా చల్లబరిచాయి. గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజులు వాననైతే ఆపాయి గానీ లోపల చెమట. చివరికి పలచటి ఉన్నివి లోపల, ఒక సైజు పెద్ద రబ్బరువి పైన వేశాను. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం వదలదు. పెద్ద సైజు ఎందుకంటే, బిగుతైతే రక్తం ఆడక వేళ్లు మరింత చల్లబడతాయి.

అయినా అరగంటకి అరచెయ్యి తడే! పరీక్షగా చూస్తే కోటు చేతి మీంచి చుక్కచుక్కగా జారిన నీళ్లు మణికట్టు దగ్గర గ్లవుజులోకే దిగుతున్నాయి. హ్యాండిలు పట్టుకున్నప్పుడు మోచేయి కన్నా మణికట్టు కిందికే ఉంటుంది కదా! ఇప్పుడు గ్లవుజు అంచు కోటు చేతి లోపలికి దోపి, పైన వదులుగా రబ్బరు బ్యాండు వేస్తున్నాను. నీళ్లు బయటే కారిపోతున్నాయి.

ఇంటికొచ్చాక రెండూ తిరగేసి ఫ్యాను కింద ఆరేస్తాను. ముసురు రోజుల్లో రెండో జత ఉన్నివి ఉండాల్సిందే.