ఇరుకు షెడ్డులో చిన్న విమానాలు సర్దడం ఎలా

షెడ్డు వెడల్పు ఇంత, విమానం వెడల్పు ఇంత, పడతాయిలే అని లెక్క తేల్చేస్తే సగం పనే అయినట్టు. నిలబడ్డ విమానం దేన్నీ గీసుకోదు. లోపలికి తోసేటప్పుడు, బయటికి లాగేటప్పుడు, వెనకదాన్ని తీయడానికి ముందుదాన్ని జరిపేటప్పుడు గీసుకుంటుంది. తోక మీది కదిలే రేకుకి వేలెడు నొక్కు పడినా ఇంజనీరు చూసి సరే అనేదాకా అది ఎగరకూడదు. కాబట్టి ఇరుకు షెడ్డులో ముందు తేల్చుకోవాల్సింది ఏది ఎటునుంచి వస్తుంది, ఎటు తిరుగుతుంది, ఏది ముందు బయటికి పోతుంది అన్నది.

భోగాపురం విమానాశ్రయం అనగానే అందరికీ పెద్ద విమానాలే గుర్తొస్తాయి. శిక్షణ విమానాలూ సొంత విమానాలూ కూడా ఎక్కడో ఒకచోట నిలబడాలి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం పొడుగునా ఉప్పుగాలీ అక్టోబరు తుపానులూ తప్పవు. ఆరుబయట వదిలేసే వీల్లేదు. ఉన్న షెడ్డులోనే రెండు మూడు ఇరికించాలి.

ముందు టేపు పట్టండి

విమానంతో వచ్చిన పుస్తకంలోని కొలతలతో మొదలుపెట్టండి. సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు, పొడవు 8.3, ఎత్తు 2.7. పైపర్ ఆర్చర్ వెడల్పు 10.8, పొడవు 7.3, ఎత్తు 2.2. డైమండ్ డీఏ40 వెడల్పు 11.9, పొడవు 8.1, ఎత్తు సుమారు 2 మీటర్లు. ఆ తర్వాత ఎవరి విమానాన్ని వాళ్లు మళ్లీ కొలవాలి. రెక్క చివర దీపం, యాంటెన్నా, తర్వాత బిగించిన కొత్త రెక్క చివరలు పుస్తకంలో ఉండవు.

ఎత్తు దగ్గర చాలామంది పొరబడతారు. ముక్కు చక్రం పైనున్న షాకు అబ్జార్బరులో గాలి తగ్గితే ముక్కు వంగుతుంది, తోక లేస్తుంది. నిన్న గుమ్మం దూలం కింద నాలుగు వేళ్ల సందుతో పోయిన తోక ఇవాళ తగలొచ్చు. అందుకని షాకు పూర్తిగా దిగినప్పుడు తోక ఎంత ఎత్తుకు వస్తుందో కొలిచి, దాని మీద కనీసం 30 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి.

షెడ్డు లోపల కొలవాల్సింది గోడల మధ్య దూరం కాదు, స్తంభాల మధ్య దూరం. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ వేరు. పక్కకు జరిగే తలుపులైతే తలుపు రెక్కలన్నీ ఒక పక్క పోగై గుమ్మంలో మీటరు దాకా తినేస్తాయి.

తర్వాత మందపాటి అట్ట మీద 1:20 కొలతలో ఒక్కో విమానం ఆకారం కత్తిరించండి. సెస్నాకి 55 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అదే కొలతలో షెడ్డు గీసి అట్టలు జరుపుతూ చూడండి. ఒక్కో అట్ట మీద రెక్క అడుగు నేల నుంచి ఎంత ఎత్తు, తోక అడ్డరెక్క ఎంత ఎత్తు, నిలువు తోక ఎంత ఎత్తు అని మూడు అంకెలు రాయండి. ఈ మూడూ లేని అట్ట సగమే చెబుతుంది, ఎందుకంటే ఇరుకు షెడ్డులో చోటు కలిసొచ్చేది ఎక్కువగా పైకీ కిందకీ.

రెక్క కింద రెక్క

సెస్నాకి రెక్క పైన ఉంటుంది, పైపర్‌కి కింద. పైదాని కిందకి కిందిదాన్ని దూర్చొచ్చు. కానీ రెండు అడ్డంకులున్నాయి. సెస్నా రెక్కని మోసే ఏటవాలు కమ్మీ ఒకటి రెక్క మధ్య నుంచి పొట్ట దాకా దిగుతుంది. పైపర్ రెక్క చివర ఆ కమ్మీకి ఇవతలే ఆగిపోవాలి. రెండోది, పైపర్ రెక్క చదునుగా ఉండదు, చివరికి పోయేకొద్దీ లేస్తుంది. 7 డిగ్రీల వాలు అంటే మొదలు నుంచి చివరికి వచ్చేసరికి సుమారు 65 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. మొదలు దగ్గర కొలిచి బోలెడు సందు ఉందనుకుంటే చివర తగులుతుంది. రెండు రెక్కల మధ్య నిలువున కనీసం 30 సెంటీమీటర్లు మిగలాలి. పైపర్‌లోంచి ఇద్దరు దిగినా, ట్యాంకులో పెట్రోలు తగ్గినా దాని షాకులు లేచి రెక్క పైకి వస్తుందని గుర్తుంచుకోండి.

లెక్క ఇలా వస్తుంది. రెండూ పక్కపక్కన, మధ్యలోనూ రెండు గోడల వైపూ 60 సెంటీమీటర్ల చొప్పున వదిలితే 23.6 మీటర్ల వెడల్పు కావాలి. రెక్కని రెక్క కింద 2 మీటర్లు దూరిస్తే 21 చాలు. నిలువు తోకని మాత్రం ఎప్పుడూ ఇంకో విమానం రెక్క కిందకి పోనివ్వకండి. ఆర్చర్ తోక 2.2 మీటర్లు, సెస్నా రెక్క కింద అంత జాగా ఉండదు. డీఏ40 పొట్టిదే అయినా దాని అడ్డరెక్క తోక కొసన ఉంటుంది, అదీ దూరదు.

రెండూ సెస్నాలే అయితే ఒకదాన్ని ముక్కు లోపలికి, రెండోదాన్ని తోక లోపలికి పెట్టండి. ముక్కు కొస నుంచి రెక్క సుమారు 2 మీటర్ల దగ్గర మొదలై 3.6 దగ్గర అయిపోతుంది. ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒకదాని రెక్క రెండోదాని సన్నటి వెనక భాగం పక్కకి వస్తుంది. తోక అడ్డరెక్క మధ్య నుంచి ఒక పక్కకి 1.7 మీటర్లే కాబట్టి, 11.6 మీటర్లు ఉండాల్సిన రెండు విమానాల నడిమి గీతల మధ్య అడ్డదూరం 7.8కి దిగుతుంది. మొత్తం 23.8 మీటర్ల బదులు 20 మీటర్లలో సర్దుకుంటాయి.

మూడోది పెట్టే ముందు కాగితం మీద వారం రోజుల రాకపోకలు రాసుకోండి. రోజూ ఎగిరేది గుమ్మం దగ్గర ఉండాలి, నెలకోసారి కదిలేది వెనక. తరచూ ఎగిరేదాన్ని వెనక పెడితే దానికోసం రోజుకి రెండుసార్లు మిగతావన్నీ జరపాలి. మూడు విమానాల మధ్య సందులో రెక్కలు మడిచే అల్ట్రాలైట్ (అతి తేలిక విమానం) పడుతుంది గానీ, దాన్ని కూడా లెక్కలో రాయండి. సామాన్లు, మంచాలు, మోటారు సైకిళ్లు ఆ సందుల్లోకి రాకుండా చూడటం దీనికన్నా కష్టం.

తోసేటప్పుడు

నలుగురు కావాలి: ముక్కు దగ్గర లాగుడు కర్ర పట్టుకుని ఒకరు, రెండు రెక్కల చివర ఇద్దరు, తోక దగ్గర ఒకరు. అందరి మెడలో ఈల ఉండాలి. ఎవరు ఊదినా అందరూ ఆగాలి, ఎందుకు ఊదావని తర్వాత అడగొచ్చు. ముగ్గురే ఉంటే రెక్క చివరలు చూసేవాళ్లని తగ్గించకండి.

లాగుడు కర్రతో సెస్నా 172 ముక్కు చక్రం మధ్య నుంచి అటూ ఇటూ 30 డిగ్రీలకి మించి తిప్పకూడదు, దాన్ని ఆపే లోపలి ముక్క విరుగుతుంది. అంతకన్నా బిగువుగా తిప్పాలంటే తోక వెన్ను మీద, అడ్డరెక్క మొదలుకి ముందున్న గట్టి చట్రం దగ్గర అరచేతులు ఆనించి నొక్కండి. ముక్కు లేస్తుంది, విమానం ప్రధాన చక్రాల మీద తిరుగుతుంది. అడ్డరెక్క మీద మాత్రం బరువు వేయొద్దు. ముక్కు లేచేటప్పుడు తోక కింద ఉన్న కట్టే రింగు నేలకి తగలకుండా ఒకరు వంగి చూస్తుండాలి.

ఒక ప్రధాన చక్రం మీద తిరిగేటప్పుడు బయటి రెక్క చివర 6.8 మీటర్ల చుట్టు కొడుతుంది. ముక్కు ఎడమకి పోతే తోక కుడికి వస్తుంది. రెక్క చివరలు చూస్తూ తోకని గోడకి కొట్టడం ఇక్కడే జరుగుతుంది.

ముక్కు మీది ఫ్యాను (ప్రొపెల్లర్) రెక్క పట్టుకుని లాగొద్దు. తాళం తీసేసినా, ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో తీగ తెగి ఉంటే ఇంజను ఒక్క తన్ను తన్నొచ్చు, చెయ్యి పోతుంది. కమ్మీని అది రెక్కకీ పొట్టకీ కలిసే చోట పట్టుకోండి, కాదంటే చక్రం కాలు పట్టుకోండి. ట్రాక్టరుతో, ఆటోతో లాగడం వద్దు. అడ్డంకి తగిలినా డ్రైవరుకి తెలీదు, మనిషి చేతికి తెలుస్తుంది.

నేల మీద ఒక్కో విమానం మూడు చక్రాలకీ మూడు గీతలు, ఒక్కోదానికి ఒక్కో రంగు వేయండి. ముక్కు చక్రం ఆగాల్సిన చోట 5 సెంటీమీటర్ల చెక్క పలక బిగిస్తే చక్రం అక్కడే ఆగుతుంది. పై దూలం నుంచి నూలు తాడుతో టెన్నిస్ బంతి వేలాడదీసి, విమానం సరిగా నిలబడ్డాక బంతి ముందు అద్దం మధ్యకి తగిలేలా పొడుగు కుదించండి. రాత్రి ఒక్క టార్చి వెలుగులో కూడా చోటు కుదురుతుంది. రెక్క చివరలకి స్పాంజి ముక్కలు తొడిగి ఎర్ర గుడ్డ కట్టండి. తర్వాత చక్రాలకి రెండు పక్కలా అడ్డుచెక్కలు పెట్టండి. చెయ్యి బ్రేకు వేసి ఉంచొద్దు. నిప్పంటుకుంటే ఎవరైనా వచ్చి బయటికి తోసేయగలగాలి.

చక్రాల కింద కాస్టర్ బండ్లు (అన్ని వైపులా తిరిగే చిన్న చక్రాలున్నవి) వేస్తే విమానాన్ని పక్కకి కూడా జరపొచ్చు, ఇరుకులో ఇది పెద్ద సాయం. సెస్నా 172 నిండుగా 1,157 కిలోలు, ప్రధాన చక్రం ఒక్కోదాని మీద సుమారు 500 కిలోలు. బండికి నాలుగు కాస్టర్లున్నా ఎగుడుదిగుడు నేల మీద బరువు రెండింటి మీదే పడుతుంది. అందుకని ఒక్కో కాస్టరు 250 కిలోలు మోసేదై ఉండాలి, రెండింటికైనా బ్రేకు ఉండాలి. సిమెంటు నేల అతుకుల్లో కాస్టరు దిగితే విమానం ఒక్కసారి కుదుపుతుంది, ముందే అతుకులు పూడ్చండి.

పెట్రోలు, తేమ, పురుగులు

విమానం పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి నేల నుంచి 45 సెంటీమీటర్ల లోపు స్విచ్చి, సాకెట్ పెట్టొద్దు. లోపల పెట్రోలు పోయొద్దు, ఇంజను వేయొద్దు, వెల్డింగు చేయొద్దు. ట్యాంకుల్ని మూతి దాకా నింపి లోపల పెట్టకండి. రేకుల షెడ్డు మధ్యాహ్నానికి మరిగిపోతుంది. 200 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 లీటర్లు పెరిగి, గాలిగొట్టం లోంచి కింద ఉన్న పైపర్ రెక్క మీద కారుతుంది. నేల కొంచెం వాలుగా ఉన్నా ఎత్తు వైపు రెక్కలోది పల్లం వైపు రెక్కలోకి పారి అలాగే కారుతుంది, అందుకే సెస్నాలో పెట్రోలు మీటని రెండు ట్యాంకుల గుర్తు మీద కాక ఎడమకో కుడికో తిప్పి ఉంచాలి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున రేకుల కింద మంచు పట్టి చుక్కలు రాలతాయి. కప్పు కింద ఇన్సులేషన్ షీటు, కొసన గాలి పోయే సందు ఉంటే ఇది తగ్గుతుంది. ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పొద్దు, తేమని లోపలే ఉంచుతుంది, అద్దాల మీద గీతలు పెడుతుంది. నెలకి ఒక్కసారైనా ఎగరని ఇంజనుకి తుప్పు పడుతుంది. నేల మీద పది నిమిషాలు వేసి ఆపితే నూనెలో నీరు చేరి ఇంకా చెడుతుంది, ఫ్యానుని చేత్తో తిప్పితే ఉన్న నూనె పొర కూడా తుడుచుకుపోతుంది. గంటసేపు ఎగరాలి, లేదంటే స్పార్కు ప్లగ్గుల చోట తేమ పీల్చే ప్లగ్గులు పెట్టి, నీలం గుళికలు గులాబీ రంగుకి మారగానే మార్చాలి.

గాలివేగం కొలిచే గొట్టంలో కందిరీగలు రెండు రోజుల్లో మట్టి పూస్తాయి, ఇంజను మూత కింద గోరింకలు గడ్డి తెచ్చి కూరతాయి. గొట్టానికి తొడుగు, ఇంజను ముందు రంధ్రాలకి స్పాంజి బిరడాలు దిగిన రోజే పెట్టాలి.

తుపాను కబురు వస్తే

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస వైపు కొబ్బరీ జీడీ తోటల్ని నేలమట్టం చేసింది, హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం కప్పునే లేపేసింది. షెడ్డులో ముందు పోయేది తలుపు. తలుపు వంగాక గాలి లోపల చేరి కప్పుని కింది నుంచి ఎత్తుతుంది. తలుపు పైపట్టీకి, కిందపట్టీకి మీటరుకో గొళ్లెం ఉండాలి. తుపాను కన్ను దాటాక గాలి దిక్కు మారుతుంది, కాబట్టి సముద్రం వైపు తలుపు లేదు కదా అని ధీమా పడొద్దు.

వాతావరణ శాఖ తుపాను అప్రమత్తత 48 గంటల ముందు ఇస్తుంది. నిర్ణయం అప్పుడే తీసుకోండి. ఎగరగలిగినవన్నీ లోపలి ఊళ్లకి పంపేస్తే మిగిలినవాటికి చోటు దొరుకుతుంది, వాటిని గోడలకి దూరంగా, నేల రింగులకి కట్టొచ్చు. రింగు ఒక్కోటి కనీసం 1,350 కిలోల లాగుడు తట్టుకోవాలి. నేల పోశాక డ్రిల్లు చేసి దింపిన బోల్టు పైకి వచ్చేస్తుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీని వంచి, నేల పోసేటప్పుడే ఇనుప జాలీ కిందకి కొక్కెం వేసి, రింగుని గుంటలో దించండి.

విజయనగరంలో గోగునార తాళ్లకి కరువు లేదు, కానీ విమానానికి వద్దు. తడిస్తే బిగుసుకుని రెక్క రింగుని లాగేస్తాయి. ముక్కాం, కళింగపట్నం మత్స్యకారులు పడవలకి వాడే నైలాన్ తాడు తీసుకోండి. సెస్నాకి ఒక్కో తాడు కనీసం 320 కిలోలు తట్టుకోవాలని పుస్తకం చెబుతుంది, దానికి రెట్టింపు తీసుకుంటే మంచిది. కట్టేది రింగులకే. ఏటవాలు కమ్మీకి కడితే తాడు జారి కమ్మీ వంగుతుంది. జారని ముడి వేసి, రెండున్నర సెంటీమీటర్లు సడలు వదలండి. స్టీరింగుకి తాళం పెట్టండి, బ్యాటరీ తీగ విప్పండి.

గాలి తగ్గాక తలుపు ఒక్కసారిగా తెరవకండి. ముందు చిన్న తలుపులోంచి వెళ్లి పెట్రోలు వాసన వస్తోందా, రేకులు వేలాడుతున్నాయా చూడండి. తర్వాత ప్రతి విమానాన్నీ మంచినీళ్లతో కడిగి, కీళ్ల సందుల్లో నీరు ఆరేదాకా తలుపులు తీసి ఉంచండి. గీతల మీద నుంచి ఏ చక్రమైనా జరిగి ఉంటే ఆ విమానం రెక్క చివరలూ తోక కదిలే రేకులూ చేత్తో తడిమి చూశాకే కదపాలి.