ఇంటర్ పరీక్షకి బయల్దేరే ముందు: సెంటర్, హాలు, రెండు మార్కుల ప్రశ్నలు

ముందుగా నా సంగతి ఒకటి చెప్తాను. ఇంటర్ మొదటి పరీక్ష రోజు 8:35కే సెంటర్‌కి చేరిపోయా, పర్లేదు చాలా టైముంది అనుకుంటూ గేటు దగ్గర నోట్స్ తిరగేస్తున్నా. ఇంతలో వాచ్‌మన్ హాల్ టికెట్ చూసి "ఇది బాయ్స్ బ్రాంచి బాబూ, నీకు పడింది వెనక వీధిలో గర్ల్స్ బ్రాంచి" అన్నాడు. కాలేజీ పేరు ఒకటే, ఏరియా ఒకటే, బోర్డు రంగు కూడా ఒకటే. పరిగెత్తుకుంటూ వెళ్లి సీట్లో కూర్చునేసరికి చెయ్యి వణుకుతోంది, మొదటి పేజీలో నా రాత నాకే అర్థం కాలేదు.

అందుకే చెప్తున్నా, ముందు రోజు సాయంత్రం ఒకసారి సెంటర్‌కి వెళ్లి చూసి రండి. నెట్‌లో మ్యాప్ చూస్తే సరిపోదు, హైదరాబాద్ లాంటి చోట ఒకే కాలేజీకి పక్క పక్క వీధుల్లో మూడేసి బ్రాంచీలు ఉంటాయి. హాల్ టికెట్ మీదున్న బ్రాంచి పేరు, గేటు మీదున్న పేరు అక్షరం అక్షరం కలిపి చూసుకోండి. పరీక్ష 9 నుంచి 12 వరకు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని "ఒక్క నిమిషం" నిబంధనతో ఏళ్ల తరబడి పిల్లల్ని ఏడిపించి, 2024లో తెలంగాణ ఇంటర్ బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. ఆ ఐదు నిమిషాల్ని మాత్రం లెక్కలో వేసుకోకండి, 8:15 కల్లా గేటు దగ్గరుంటే చాలు. ఇంకోటి, ఫీజు బాకీ ఉందని కాలేజీ వాళ్లు హాల్ టికెట్ ఆపితే కంగారు పడొద్దు. బోర్డు వెబ్‌సైట్‌లో మీరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రిన్సిపాల్ సంతకం లేకపోయినా లోపలికి పంపాలని బోర్డే చెప్పింది.

వెంట తీసుకెళ్లేవి కొన్నే. హాల్ టికెట్, ఒకే రంగు ఇంకు పెన్నులు రెండు మూడు (కొత్తవి వద్దు, ఇంట్లో ఓ పది పేజీలు రాసి అలవాటైనవి), పెన్సిల్, స్కేలు, రబ్బరు, లోపలున్నది కనిపించే పౌచ్, నీళ్ల బాటిల్. ఫోన్, స్మార్ట్ వాచ్, క్యాలిక్యులేటర్ అస్సలు వద్దు, మామూలు చేతి వాచీ కూడా ఇంట్లోనే పెట్టి రండి. కింద పెట్టుకుని రాసే ప్యాడ్ సంగతి చాలామంది పట్టించుకోరు. స్లిప్ టెస్టులప్పుడు దాని మీద ఎప్పుడో గీకిన ఫార్ములాలు అలాగే ఉంటాయి. మా రూమ్‌లో ఒకడికి అదే జరిగింది, ఫ్లయింగ్ స్క్వాడ్ (చెప్పకుండా తనిఖీకి వచ్చే వాళ్లు) వచ్చి ప్యాడ్ తిప్పి చూస్తే వెనకాల త్రికోణమితి సూత్రాలు. పాపం వాడు కాపీ కొట్టలేదు, అయినా మల్‌ప్రాక్టీస్ (కాపీ) కేసు బుక్ చేస్తారేమోనన్న భయంతో ఓ ఇరవై నిమిషాలు నిలబడే ఉన్నాడు, తర్వాత కూర్చున్నా ఏం రాయలేకపోయాడు. ప్యాంటు జేబులు కూడా ఇంట్లోనే ఖాళీ చేయండి. మల్‌ప్రాక్టీస్‌కి 1997 నుంచి ప్రత్యేకంగా చట్టమే ఉంది, అది తమాషా కాదు.

బుక్‌లెట్ చేతికి రాగానే పేజీలు లెక్కపెట్టండి, ఎందుకంటే అడిషనల్ షీట్లు ఇవ్వరు, ఉన్నవాటిలోనే సర్దుకోవాలి. బార్‌కోడ్ ఉన్న ఓఎమ్మార్ షీట్ మీద మీ పేరు, నంబరు, సబ్జెక్టు, మీడియం సరిగ్గా ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి, తేడా ఉంటే వెంటనే ఇన్విజిలేటర్‌కి చెప్పండి. లోపల పేజీల్లో పేరు, నంబరు ఎక్కడా రాయొద్దు. పేజీ పైన "ఓం", "శ్రీ" రాసే అలవాటుంటే ఆ మూడు గంటలు మనసులోనే అనుకోండి.

ఇక అసలు విషయం. పాత పద్ధతి ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు 60 మార్కులకి కదా, పాస్ అవ్వాలంటే 21 కావాలి. సెక్షన్ ఎ లో రెండు మార్కుల ప్రశ్నలు పది, చాయిస్ లేదు, అంటే 20. ఒక్కటంటే ఒక్క మార్కు తక్కువ! అయినా మన వాళ్లు ఎనిమిది మార్కుల డెరివేషన్లు బట్టీ పట్టడంలో నెలలు గడిపేసి, ఈ పదింటినీ చివరి పావుగంటకి వదిలేస్తారు. నా మాట వినండి, మొదట సెక్షన్ ఎ రాసేయండి, ఒక్కోదానికి మూడు నిమిషాలు, అరగంటలో అయిపోవాలి. రానిదానికి నంబరు వేసి నాలుగు లైన్లు ఖాళీ వదిలి ముందుకెళ్లండి, అక్కడ కూర్చుని పెన్ను కొరకొద్దు.

మొదటి ఏడాది మ్యాథ్స్ 1ఎ పేపర్ అయితే పాత పద్ధతిలో 75కి పాస్ మార్కులు 26. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు రాయాలి. మాత్రికల చాప్టర్ ఒక్కటే చాయిస్‌తో కలిపి 22 మార్కులు మోస్తుంది: ఏడు మార్కులవి రెండు (సాధారణంగా ఒకటి నిర్ధారకం, ఒకటి క్రేమర్ పద్ధతి లాంటి సమీకరణాల లెక్క), నాలుగు మార్కులది ఒకటి, రెండు మార్కులవి రెండు. ప్రమేయాల నుంచి ఒక సిద్ధాంతం, గణితానుగమనం నుంచి ఒక లెక్క ఖాయం అనుకోండి. ఈ మూడు చాప్టర్లతోనే పెద్ద ప్రశ్నలు నాలుగు మీ చేతిలో ఉన్నట్టే. సమీకరణాల లెక్కలో x, y, z విలువలు వచ్చాక మొదటి సమీకరణంలో పెట్టి చూసుకోవడానికి అర నిమిషం పడుతుంది, అది తప్పకుండా చేయండి, నేను ఒక మైనస్ గుర్తు మింగేసి పేజీన్నర తప్పు రాశాను. సిలబస్, పేపర్ పద్ధతి మారుతున్నాయి కాబట్టి మీ బ్యాచ్ మోడల్ పేపర్ బోర్డు సైట్‌లోంచే తీసుకోండి, షాపుల్లో అమ్మే గైడ్ల మీద ఆధారపడొద్దు.

ప్రిపరేషన్‌కి నేను చెప్పేది ఒకటే పద్ధతి: చదవడం తగ్గించి రాయడం పెంచండి. ఆఖరి పదిహేను రోజుల్లో రోజు విడిచి రోజు ఒక పాత పేపర్, సరిగ్గా ఉదయం 9కి, ఫోన్ పక్క గదిలో పెట్టి, మూడు గంటలు కదలకుండా రాయండి. మొదటి రెండు పేపర్లకి నడుము, వేళ్లు నొప్పి పుడతాయి, అది హాల్లో పుట్టేకంటే ఇంట్లో పుట్టడమే మేలు. రాత్రంతా మేలుకుని ఉదయం టిఫిన్ మానేసి వెళ్లే వాళ్లు కొందరు హాల్లోనే కళ్లు తిరిగి పడిపోతుంటారు. రెండు ఇడ్లీలైనా తినండి.

బయటికొచ్చాక గేటు దగ్గర "దానికి నువ్వేం రాశావ్ రా" అనేవాడికి దొరక్కుండా సైకిలెక్కేయండి, ఎల్లుండి ఇంకో పేపరుంది. రిజల్ట్స్‌లో మార్కులు బాగా తేడా అనిపిస్తే రీకౌంటింగ్‌కి పేపరుకి 100, స్కాన్ కాపీతో రీవెరిఫికేషన్‌కి 600 కడుతూ వచ్చాం. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి రిజల్ట్ వచ్చిన రోజే ఆ తేదీ రాసి పెట్టుకోండి.