సాయుధ పోరాటం సినిమాలో రాజకీయాన్ని పట్టుకోవడం ఎలా

నిజాంకూ దొరలకూ ఎదురుగా మన నల్లగొండ రైతులు నడిపిన సాయుధ పోరాటం మీద వచ్చిన సినిమా ఏదైనా, ముందు చూడాల్సింది కథ ఏ ఏడు మొదలై ఏ ఏడు ఆగిందన్నది. డైలాగుల్లో కంటే ఆ కత్తిరింపులోనే రాజకీయం ఎక్కువ.

సినిమా రెండుసార్లు చూడండి. మొదటిసారి ఆపకుండా. రెండోసారి కాగితం మీద అడ్డంగా గీత గీసి నాలుగు గుర్తులు పెట్టుకోండి: 1946 జులై 4, కడివెండిలో పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన రోజు, 1948 సెప్టెంబర్ 17, నిజాం లొంగిపోయిన రోజు, 1951 అక్టోబర్, పోరాట విరమణ, 1952, మొదటి ఎన్నికలు. పెద్ద సన్నివేశం వచ్చినప్పుడల్లా ఆపి, అది గీత మీద ఎక్కడ పడుతుందో రాయండి.

1948లో జెండా ఎగరేసి కథ ముగిస్తే మిగిలేది నిజాం ఒక్కడే. వెట్టి, భూమి వెనక్కి పోతాయి. భారత సైన్యం వెంట మళ్లీ గడీలకు, అంటే తమ కోటలాంటి ఇళ్లకు, చేరిన దొరలు, ఆ తర్వాత మూడేళ్లు నడిచిన పోరు తెర మీదికే రావు. 1952లో నల్లగొండ జనం కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు ఎందుకు పంపారో అలాంటి సినిమా చూసినవాళ్లకు అర్థం కాదు. ఈ పోరాటం మీదే తీసిన ‘మా భూమి’ సినిమా 1948 దాటి పోతుంది. అదీ రాజకీయ నిర్ణయమే. మనకు ఇష్టమైన సినిమాను కూడా ఇదే గీత మీద పెట్టి చూడాలి, లేకపోతే ఈ పనంతా దండగ.

తర్వాత, దుర్మార్గుడిగా ఎవరిని నిలబెట్టారో చూడండి. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం, రజాకార్ల దౌర్జన్యం నిజం. వాళ్లను మాత్రమే చూపించి దేశ్‌ముఖులను, అంటే పెద్ద భూస్వాములైన దొరలను, వదిలేస్తే భూమి గొడవ మతాల గొడవగా మారిపోతుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. ఆయన మనుషుల చేతిలో భూమి తగాదాలో హతమైనవాడు షేక్ బందగీ. పోరాటానికి పాట రాసిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ముస్లిమే. ఈ పేర్లు కథలో ఉన్నాయా?

ఒక పది నిమిషాలు సౌండ్ తీసేసి చూడండి. ఎవరిని చూసి భయపడాలో సంగీతం చెప్పిందా, వాళ్లు చేసిన పని చెప్పిందా తేలిపోతుంది. మన యాస హీరో నోట ఉందా, నవ్వించే పాత్రకే పరిమితమా అన్నదీ రాసుకోండి.

పదిమందితో చర్చ పెడితే ‘నచ్చిందా’ అని మొదలుపెట్టకండి, అభిమానుల కొట్లాట అవుతుంది. ‘ఏం చూపలేదు’ అని అడిగి, గీసిన కాగితాలు పక్కపక్కన పరచండి.