పింగ్ వస్తోంది, కత్తి కదలడం లేదు: పీఎల్‌సీలకూ మోషన్ కంట్రోలర్‌కూ మధ్య ఈథర్నెట్ చిక్కులు

రాయగడ చుట్టుపక్కల కాగితం, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాల్లో మెయింటెనెన్స్ పని చేసే తెలుగువాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు: విడిభాగం విశాఖపట్నం నుంచి రైలెక్కి వచ్చేదాకా లైను ఆగే ఉంటుంది. అందుకే తెర మీద కమ్యూనికేషన్ లోపం కనబడగానే కార్డు మార్చే ఆలోచన పక్కన పెట్టండి. కార్డు చెడిపోవడం అరుదు.

కాగితాన్ని షీట్లుగా కోసే యంత్రాన్నే తీసుకుందాం. రీలు విప్పే చోట ఒక పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటరు), దొంతర పేర్చే చోట మరొకటి, మధ్యలో కత్తి సర్వోలను (కచ్చితమైన కొలతతో తిరిగే మోటార్లను) నడిపే మోషన్ కంట్రోలర్. మూడూ ఒకే స్విచ్చికి కలిశాయి. అసలు కలవడం లేదా, కలిసి తెగిపోతోందా, కలిసే ఉండి తప్పు అంకెలు ఇస్తోందా? ముందు ఇది తేల్చుకోవాలి.

లక్షణం: అసలు కలవడం లేదు

పోర్టు దగ్గర లైటు వెలగకపోతే కేబులో, కనెక్టరో, పోర్టో. వేరే కేబుల్‌తో చూస్తే తేలిపోతుంది. లైటు వెలిగినా పింగ్‌కు (ఉన్నావా అని అడిగే పరీక్ష సందేశానికి) జవాబు రాకపోతే ఐపీ అడ్రసు చూడండి. సబ్‌నెట్ మాస్క్ (అడ్రసులో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పే అంకె) 255.255.255.0 అయితే 192.168.1.10, 192.168.0.20 వేర్వేరు నెట్‌వర్కుల కింద లెక్క. ల్యాప్‌టాప్ 169.254తో మొదలయ్యే అడ్రసు చూపిస్తుంటే దానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదన్నమాట; చేత్తో ఇవ్వండి. ఒకే అడ్రసు రెండింటికి పడిందన్న అనుమానం ఉంటే, ఒకదాని కేబుల్ పీకి దాని అడ్రసుకే పింగ్ కొట్టండి. అప్పుడూ జవాబు వస్తే దొంగ దొరికినట్టే.

చాలా మోషన్ కంట్రోలర్లకు ఒకేలా కనిపించే పోర్టులు రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి డ్రైవుల (మోటార్లకు కరెంటు ఇచ్చి నడిపే పెట్టెల) కోసం ఉంచిన ఈథర్‌క్యాట్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ పోర్టు కావచ్చు. దాన్ని మామూలు స్విచ్చికి తగిలిస్తే ఫలితం ఉండదు.

పింగ్ వస్తూ డేటా రాకపోతే ప్రోటోకాల్ (పరికరాలు మాట్లాడుకునే భాష) తేడా. మోడ్‌బస్ టీసీపీ 502 నంబరు పోర్టులో (ఇది కేబుల్ గుచ్చే పోర్టు కాదు, సాఫ్ట్‌వేర్ ద్వారం), ఈథర్నెట్/ఐపీ 44818లో మాట్లాడతాయి. ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. రెండు పరికరాలకూ ఉమ్మడిగా వచ్చిన ప్రోటోకాల్ ఎంచుకోండి, లేదంటే గేట్‌వే (ఒక ప్రోటోకాల్‌ను మరోదానిలోకి మార్చే పరికరం) పెట్టండి. ప్రొఫినెట్ అనే మరో ప్రోటోకాల్‌లో పరికరాన్ని పేరుతో వెతుకుతారు. కొత్త పరికరం బిగించి పేరు ఇవ్వడం మరిస్తే, అడ్రసు సరిగ్గా ఉన్నా సాధారణంగా పట్టుకోదు.

లక్షణం: కలుస్తుంది, తెగుతుంది

ఎప్పుడు తెగుతోందో రాసుకోండి. పెద్ద డ్రైవు మొదలైనప్పుడల్లా అయితే అది విద్యుత్ నాయిస్. పవర్ కేబుళ్ల ట్రేలోంచి ఈథర్నెట్ కేబుల్‌ను తప్పించి, షీల్డు ఉన్నది వేసి, షీల్డును సరిగా ఎర్త్ చేయాలి. రాగి కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. అది దాటినా, ఫర్నేసు పక్కనుంచి వెళ్లినా ఫైబర్ వేయడమే మేలు. వానాకాలంలోనే తెగుతుంటే కేబుల్ ట్రెంచ్ మూత ఎత్తి చూడండి.

రెండో పీఎల్‌సీ కలవగానే మొదటిది జారిపోతుంటే మోషన్ కంట్రోలర్ ఎన్ని కనెక్షన్లు ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో చూడాలి. కేబుల్ పీకినప్పుడు సరిగా మూతపడని పాత కనెక్షన్లు కూడా ఆ లెక్కలోనే కూర్చుంటాయి. వాటికి టైమ్‌అవుట్ పెడితే సరి.

లక్షణం: కలిసే ఉంది, అంకెలు తప్పు

అసలు కాలమంతా తినేది ఇదే. షీటు పొడవు 900 అని పంపితే అవతల 5,89,82,400 కనిపించిందనుకోండి. దాన్ని 65,536తో భాగించి చూడండి: సరిగ్గా 900. అంటే 32 బిట్ల సంఖ్యలోని రెండు రిజిస్టర్లు (ఒక్కోటి 16 బిట్లు పట్టే గది, అదే వర్డ్) తారుమారయ్యాయి. వర్డ్ క్రమం మార్చే సెట్టింగ్ తిప్పండి. అదే 900ను దశాంశ సంఖ్యగా పంపినప్పుడు తారుమారైతే దాదాపు సున్నా కనిపిస్తుంది. 114 కోట్లు దాటిన అంకె వస్తే దశాంశ సంఖ్యను పూర్ణసంఖ్యగా చదువుతున్నారు. పక్క రిజిస్టరు విలువ వస్తుంటే లెక్క ఒక అంకె పక్కకు జరిగింది: మాన్యువల్‌లో 40001 అన్నది తీగ మీద సున్నా.

విలువ క్షణానికోలా మారుతుంటే రెండు పీఎల్‌సీలూ ఒకే రిజిస్టరులో రాస్తున్నాయేమో చూడండి. ఒక రిజిస్టరుకు ఒక్కరే రాయాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంకో మాయదారి లోపం ఉంది. సైజు మార్చాక మొదటి షీటు పాత కొలతతో తెగుతుంది, రెండోది నుంచి అన్నీ బాగుంటాయి. ఆపరేటరు కత్తిని అనుమానిస్తాడు. నిజానికి పొడవు ఒక సందేశంలో, మొదలుపెట్టమన్న బిట్ మరో సందేశంలో వెళ్లి, బిట్ ముందు చేరింది. పొడవు ముందు రాసి, చివర ఒక జాబ్ నంబరు మార్చండి. మోషన్ కంట్రోలర్ కొత్త నంబరు చూశాకే పొడవు తీసుకుని, రెండింటినీ తిరిగి పంపాలి. అవి సరిపోలాకే పీఎల్‌సీ స్టార్ట్ ఇవ్వాలి. ఆ బిట్‌ను కూడా అందినట్టు జవాబు వచ్చేదాకా నిలిపి ఉంచాలి. 100 మిల్లీసెకన్లకోసారి చదివేవాడికి 10 మిల్లీసెకన్ల మెరుపు అందదు.

రెండు వైపులా ఒక హార్ట్‌బీట్ లెక్కింపు (బతికే ఉన్నానని చెబుతూ మారుతూ ఉండే అంకె) కూడా పెట్టండి: అది ఆగితే యంత్రం తనంతట తాను నెమ్మదించి ఆగాలి. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఈ మామూలు ఈథర్నెట్ సందేశాలకు వదలకండి. అది విడి తీగలతో డ్రైవు ఎస్‌టీఓ (మోటారుకు తిప్పే బలం అందకుండా ఆపే) టెర్మినళ్ల దాకా వెళ్లాల్సిందే.