నొప్పి నిద్రపోనివ్వని రాత్రుల్లో ఏం వినాలి, ఎలా వినాలి

ఏళ్లుగా జబ్బుతో ఉన్నవాళ్లకు రాత్రి రెండు గంటలప్పుడు కాలం ఎంత మెల్లగా కదులుతుందో పడ్డవాళ్లకే తెలుసు. ఆ వేళలో స్తోత్రమో, కీర్తనో, ఖురాన్ పారాయణమో చెవిన పడితే పెద్ద ఆసరా. అయితే ఇది మందుకు తోడే, మందుకు బదులు కాదు, కాబట్టి ఒక్క మాత్ర కూడా మానొద్దు.

ఏం వినాలో పేషెంటే చెప్పాలి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ తమకు నచ్చింది పెట్టేస్తారు, లేచి ఆపలేని మనిషి దాన్ని భరిస్తూ పడుకుంటారు, ఇది చాలా ఇళ్లలో జరిగేదే. ఫోన్ వాళ్ల చేతికందేలా ఉంచండి. చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవైతే మనసు తొందరగా కుదురుతుంది. జబ్బు నీ పాపఫలమే అనే ప్రవచనాలు మాత్రం దయచేసి వద్దు, పుండు మీద కారం చల్లినట్టే.

మొదట పది నిమిషాలు చాలు. పక్కవాళ్లు మామూలుగా మాట్లాడితే వినబడేంత వాల్యూమ్‌లో పెట్టుకుని, కుదిరితే పెదాలు కదుపుతూ వెంట చదవండి, ఒక్కో చరణం చివర ఊపిరి మెల్లగా వదలండి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, జపమాల ప్రార్థననూ ఒక మంత్రాన్నీ పైకి చదివినవాళ్ల ఊపిరి నిమిషానికి దాదాపు 6 సార్లకు నెమ్మదించింది. వాళ్లు ఆరోగ్యవంతులు, కాబట్టి ఆయాసం ఉన్నవాళ్లు ఆ లెక్క కోసం పాకులాడకండి, ఊపిరి బిగబట్టకండి.

నొప్పి ఎక్కువైన రోజు మాటలు కూడా బరువే. అప్పుడు మాటల్లేని ఒకే శ్రుతి పెట్టుకోండి, ధ్యాస నొప్పి మీదికి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, గుర్తొచ్చినప్పుడు మళ్లీ ఆ నాదం దగ్గరికి వస్తే సరిపోతుంది. ఆటోప్లే మాత్రం తప్పకుండా ఆపేయండి, ఎందుకంటే పాట అయిపోయాక ఫ్యాన్ చప్పుడు, దాని కింద మన ఊపిరి చప్పుడు వినబడే ఆ రెండు నిమిషాలే నాకు అన్నిటికంటే విలువైనవిగా అనిపిస్తాయి.

తోడున్నవాళ్లు అప్పుడే లేచి వెళ్లిపోకండి. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్ల బాధ తగ్గించి చూసుకునే చోటు) ప్రారంభించిన సిసిలీ సాండర్స్ రోగి బాధలో ఒంటి నొప్పితోపాటు మనసుదీ, మనుషులదీ, ఆధ్యాత్మికతదీ భాగం ఉంటుందని చెప్పారు. ఆ నిశ్శబ్దంలో పేషెంట్ దేవుడి మీద కోపమే వెళ్లగక్కొచ్చు. సర్దిచెప్పకుండా వినండి. ఏడుపొస్తే రానివ్వండి, గాభరా పెరిగితే ఆపేయండి, బతకాలని లేదు అనే మాట వస్తే మాత్రం వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.